చరిత్ర వనితలు: గ్రిమ్కీ సోదరీమణులు

“ఇంటిగుట్టు లంకకు చేటు” అను సామెతను మనమందఱమును చిన్ననాటినుండి వినుచునే యున్నాము. పుట్టింటి మాట అత్తవారింటను, అత్తవారింటి మాట పుట్టింటను పలుకరాదని పెద్దలు మనకు నేర్పిరి. ఆ బోధ చాలవఱకు మంచిదే. కుటుంబ మర్యాద దానివలననే నిలుచుచున్నది. కాని యా సామెత యే కథనుండి పుట్టినదో యొకమాఱు తలచి చూడుడు. విభీషణుడు అన్నగారి సభలో ధర్మము చెప్పెను. అన్న వినలేదు, పైగా నిందించెను. అంతట నతడు అన్నను, ఐశ్వర్యమును, పుట్టిన యూరిని విడిచి వెడలిపోయెను. లంకవారి దృష్టిలో నతడు ఇల్లు చెఱచినవాడు. రామాయణము మాత్రము అతనిని ధర్మాత్ముడని చెప్పుచున్నది. ఇంటి మర్యాద యొకవైపునను, ధర్మము వేఱొకవైపునను నిలిచినపుడు ఎటు పోవలెనను ప్రశ్న పురుషులకు మాత్రమే కలుగునది కాదు. ఆ ప్రశ్నకు తమ జీవితముతోనే బదులు చెప్పిన యిరువురు అక్కచెల్లెండ్ర చరిత్రమును ఈ మాసమున మీకు విన్నవించుచున్నాను. వారు అమెరికా సంయుక్త రాష్ట్రములలో పుట్టిన సారా గ్రిమ్కీ, ఏంజలీనా గ్రిమ్కీ యనువారు.

అమెరికా దేశపు దక్షిణభాగమున, దక్షిణ కరొలైనా రాష్ట్రమున, చార్లెస్టన్ అను రేవుపట్టణము కలదు. ఆఫ్రికానుండి ఓడలలో బంధించి తెచ్చిన నల్లజాతివారిని దింపి విక్రయించిన రేవులలో నది ముఖ్యమైనది. ఆ ప్రాంతపు వరిపొలములును, ప్రత్తితోటలును వారి చెమటచేతనే పండెను. బానిస యనగా జీతము లేని సేవకుడు మాత్రమేయని మనము భావింపరాదు. చట్టము దృష్టిలో నతడు మంచము వలెను, గుఱ్ఱము వలెను ఒక యాస్తి. బానిసయైన తల్లికి పుట్టిన బిడ్డ పుట్టిన క్షణముననే యజమానుని సొత్తగును. హరిశ్చంద్రుని కథలో చంద్రమతి కాశీవీధిలో నమ్ముడుపోయిన ఘట్టమును విని కన్నీరు పెట్టని తల్లి మనలో నుండదు. అక్కడ లోహితాస్యుడు తల్లి కొంగు పట్టుకొని తల్లితోనే పోయెను. చార్లెస్టన్‌లో ఆ మాత్రపు దయయు చట్టమున లేదు. తల్లి నొకరికిని, బిడ్డను వేఱొకరికిని అమ్ముట యజమానుని యిష్టముపై నుండెను.

అట్టి యూర జాన్ గ్రిమ్కీ యనునతడు పేరుపొందిన న్యాయాధిపతి. తోటలును, అనేకులగు బానిసలును కలవాడు. ఆయనకును, భార్యయగు మేరీకిని 14 మంది సంతానము. వారిలో సారా 1792వ సంవత్సరము నవంబరు 26వ తేదీన పుట్టెను. కడపటి బిడ్డ ఏంజలీనా 1805వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన పుట్టెను. అప్పటికి సారాకు 12 ఏండ్లు నిండినవి. చెల్లెలి జ్ఞానస్నాన సమయమున తానే జ్ఞానమాతగా నిలిచెదనని తల్లిదండ్రులను బతిమాలి ఒప్పించెను. నాటినుండి ఆ శిశువును చేరదీసి పెంచినది అక్కయే. పెద్దదైన పిదపను ఏంజలీనా అక్కను “అమ్మా” యనియే పిలుచుచుండెను.

సారాకు చదువనిన ప్రాణము. అన్న థామస్ చదువు పుస్తకములనే తానును చదివెను. తండ్రివలె న్యాయశాస్త్రము నభ్యసింపవలెనని కోరెను. ఆడుపిల్లకు లాటిను భాష యెందులకని యింటివారు వారించిరి. థామస్ యేల్ కళాశాలకు పోయెను. సారాకు కుట్టుపనియు, చిత్రలేఖనమును, సంగీతమును మిగిలెను. అన్నదమ్ములకు గురువు పాఠము చెప్పుచుండగా తలుపుచాటున నిలిచి విని నేర్చుకొనిన స్త్రీలు మన పెద్దలలో నెందఱో కలరు. వారికి సారా బాధ వివరించి చెప్ప నక్కఱలేదు.

ఆ యింట సారా పరిచర్యకై యొక బానిస బాలికను నియమించిరి. బానిసలకు వ్రాత నేర్పుటను ఆ రాష్ట్రమున 1740వ సంవత్సరపు చట్టమే నిషేధించియుండెను. సారా యేమి చేసెనో వినుడు. రాత్రి తన తల దువ్వు నెపమున ఆ బాలికను గదిలోనికి రప్పించి, దీపమార్పి, తలుపు తాళపు కన్నమును మూసి, చలిమంట వెలుతురున నిరువురును నేలపై బోర్ల పరుండి అక్షరముల పుస్తకమును చదువుచుండిరి. కొంతకాలమునకు తండ్రికి తెలిసెను. ఆయన మిక్కిలి కోపించెను. పాఠములు ఆగిపోయెను. తనకు లాటిను నిషిద్ధము. ఆ బాలికకు అక్షరమే నిషిద్ధము. ఈ రెండు నిషేధములును పరిమాణమున సమానములు కావు, కాని రెంటిని విధించిన చేయి యొక్కటే. సారా జీవితమున తరువాత జరిగిన దంతయు నీ రాత్రిపాఠమున బీజరూపమున నున్నది.

1819వ సంవత్సరమున తండ్రికి జబ్బు చేయగా, చికిత్సకై ఆయనను ఉత్తరముననున్న ఫిలడెల్ఫియా నగరమునకు సారాయే వెంటబెట్టుకొని పోయెను. ఆయన ఆ సంవత్సరముననే మరణించెను. ఆ ప్రయాణమున సారాకు క్వేకరులను క్రైస్తవ సంఘమువారితో పరిచయము కలిగెను. వారు ఆడంబరము లేనివారు. బానిసలను కలిగియుండుట పాపమని తమ సంఘమున నిర్ణయించుకొనినవారు. ప్రార్థనసభలలో స్త్రీ నోరు విప్పుటకు అభ్యంతరము చెప్పనివారు. 1821లో సారా యిల్లు విడిచి ఫిలడెల్ఫియా చేరెను. పిదప ఆ సంఘమున ప్రవేశించెను.

ఏంజలీనా మఱికొన్ని యేండ్లు చార్లెస్టన్‌లోనే యుండెను. ఆమె ముందుగా తన యింటినే సరిదిద్ద ప్రయత్నించినది. ఆ పట్టణమున “పని యిల్లు” అను నొక కట్టడముండెను. బానిసను తామే కొట్టుట కిష్టపడని యజమానులు రుసుము చెల్లించి అచటికి పంపుచుండిరి. అందు కొరడాదెబ్బలే గాక, చేతులు పైకి కట్టి తిరుగు చక్రపు మెట్లపై నడిపించు శిక్షయు నుండెను. దాని ప్రక్కగా నడచిపోవుటకే ఆమెకు కాళ్లు వణకుచుండెను. తల్లితో వాదించెను, అన్నలతో వాదించెను. హెన్రీ యను అన్న తన సేవకుని కొట్టగా అతనిని మందలించెను. ఈ హెన్రీ పేరును మీరు జ్ఞాపకముంచుకొనవలెను; కథ చివర మరల వచ్చును. ఇంటిలో నెవరును మాఱలేదు. 1829వ సంవత్సరమున ఏంజలీనాయు తల్లి యిల్లు విడిచి అక్కను చేరెను.

ఫిలడెల్ఫియాలోను వారికి పూర్తి శాంతి దొరకలేదు. క్వేకరుల ప్రార్థనమందిరమున నల్లవారు కూర్చుండుటకు వేఱుగా నొక బల్ల యుండెను. బానిసత్వము పాపమనువారే ప్రక్కన కూర్చుండుటకు వెనుదీయుచుండిరి. అక్కచెల్లెండ్రు పోయి ఆ బల్లపైననే నల్లజాతి స్నేహితురాండ్ర సరసన కూర్చుండిరి. సంఘపు పెద్దలకు అది నచ్చలేదు.

ఆ కాలమున బోస్టన్ నగరమున విలియం లాయిడ్ గారిసన్ అనునతడు “లిబరేటర్” అను పత్రికను నడుపుచు, బానిసల నందఱను వెంటనే విడుదల చేయవలెనని వ్రాయుచుండెను. అట్లు వ్రాసినవారిపైనను, పలికినవారిపైనను అల్లరిమూకలు పడుచుండెను. 1835లో ఏంజలీనా ఆయనకు ధైర్యము చెప్పుచు ఒక జాబు వ్రాసెను. ఆయన ఆమె ననుమతి యడుగకయే, పేరుతో సహా, దానిని పత్రికలో ముద్రించెను. స్త్రీ పేరు పత్రికలో కనబడుటయే వింతయైన దినములవి. న్యాయాధిపతి జాన్ గ్రిమ్కీ కుమార్తె బానిసత్వమును ఖండించినదన్న వార్త దేశమంతట ప్రాకెను. జాబును వెనుకకు తీసికొమ్మని సంఘపు పెద్దలు కోరిరి. తల్లివంటి యక్కయు మొదట కష్టపడెను. ఏంజలీనా వెనుకకు తీసికొనలేదు.

మఱుసటి యేడు, 1836లో, ఆమె “దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలకు విన్నపము” అను చిన్న గ్రంథమును వ్రాసెను. ఇది చదువ దగిన పుస్తకము. ఏలయనగా నిది ఇంటనుండు స్త్రీలకు ఇంటిలో పెరిగిన స్త్రీ వ్రాసినది. చట్టములు చేయుట మా చేతిలో లేదుగదా యని వారు చెప్పబోవు సమాధానమును ఆమె ముందుగనే యెఱుగును. చట్టములు చేయువారు మీ భర్తలును, తండ్రులును, కుమారులును, అన్నదమ్ములును గారా యని తిరిగి యడుగును. అటుపిమ్మట స్త్రీలు చేయగల పనులను వరుసగా చెప్పును. ఈ విషయమును గూర్చి చదువుడు, ప్రార్థింపుడు, మాటలాడుడు, చేయుడు. మీ పేర నున్న బానిసలను విడుదల చేయుడు. పనిలో నుంచుకొందురేని జీతమిండు. చట్టము వలదనినను చదువు చెప్పుడు. శాసనసభకు వినతిపత్రములు పంపుడు. సారాయు ఆ యేడే దక్షిణదేశపు మతగురువుల నుద్దేశించి యొక లేఖను ప్రకటించెను.

చార్లెస్టన్‌కు చేరిన ప్రతులను తపాలా యధికారులు తగులబెట్టించిరి. ఏంజలీనా ఆ యూరికి వచ్చినచో చెఱలో పెట్టుదుమని నగరాధ్యక్షుడు ఆమె తల్లికి కబురు పంపెను. ఊరినిండ తన బంధువులే, పుట్టినది అచటనే, కన్నతల్లి అచటనే యున్నది. ఆమె మరల ఆ గడప త్రొక్కలేదు. ధర్మము చెప్పుటకు మూల్యము అందఱకును ఒకే విధముగా నుండదు. మగవానికి పదవి పోవును, ధనము పోవును. ఆడుదానికి ముందుగా పోవునది పుట్టిల్లు.

1837లో ఆ యిరువురును ఉత్తరదేశమున ఊరూర తిరిగి యుపన్యసింప మొదలిడిరి. మొదట స్త్రీలు మాత్రమే వచ్చు చిన్న సభలు. గృహములలో స్థలము చాలక చర్చి గదులలో జరుపవలసి వచ్చెను. పిదప పురుషులును వెనుకవరుసలలో చేరి వినసాగిరి. స్త్రీ పురుషులు కలిసియున్న సభలో స్త్రీ నిలిచి మాటలాడుట అప్పటి యా దేశమున సిగ్గుమాలిన పని. అయినను కొన్ని నెలలలో 60కి పైగా ఊళ్లలో వేలాదిమంది వారి మాటలు వినిరి. ఇతరులు బానిసత్వమును గూర్చి విని చెప్పుదురు. వీరు తమ భోజనశాలలో చూచినది చెప్పుచుండిరి. ఆ సాక్ష్యమును త్రోసివేయుట యెవరికిని సాధ్యము కాలేదు.

మాటను త్రోయలేనివారు మాటలాడుటను త్రోయజూచిరి. 1837 జూలైలో మసాచుసెట్స్ రాష్ట్రపు కాంగ్రిగేషనల్ సంఘ మతగురువులు చర్చిలన్నిటను చదువుటకై ఒక లేఖను పంపిరి. అందు స్త్రీ పందిరి నల్లుకొను ద్రాక్షతీగ వంటిదనియు, ఆ తీగ తానే మ్రాను కాబూనినచో ఫలములు కాయకపోవుటయే గాక మట్టిపాలగుననియు వ్రాసిరి. మ్రానికిని తీగకును పెండ్లి చేయని కవి మన కావ్యములలో లేడు. ఆ యుపమానము మనకు క్రొత్త కాదు. కాని మ్రానికి చెద పట్టినపుడు తీగ యేమి చేయవలెనో ఆ గురువులు చెప్పలేదు.

ఆడువారినుండియు నాక్షేపణ వచ్చెను. బాలికల విద్యకై పాటుపడిన కాథరిన్ బీచర్ అను విదుషీమణి, స్త్రీల ప్రభావము ఇంటిలోనే సౌమ్యముగా నుండవలెననియు, శాసనసభకు వినతులు పంపుట స్త్రీధర్మము కాదనియు ఒక పుస్తకము వ్రాసెను. ఏంజలీనా వరుసగా లేఖలు వ్రాసి ప్రత్యుత్తరమిచ్చెను. మంచిచెడ్డల నెఱుగు ప్రాణి యగుటచేతనే మనుష్యునకు హక్కులు కలిగినవి గాని, పురుషుడగుటచేత కాదని యామె వాదము. ఓటు లేని స్త్రీకి మిగిలియున్న రాజకీయ హక్కు వినతిపత్రమొక్కటే. దానినిగూడ వదలుకొమ్మనుట న్యాయమా యని యడిగెను.

సారా 1838లో “స్త్రీపురుష సమత్వమును గూర్చియు, స్త్రీల స్థితిని గూర్చియు లేఖలు” అను గ్రంథమును ప్రకటించెను. చిన్ననాడు న్యాయశాస్త్రము చదువనీయబడని యా స్త్రీ, వివాహిత యగు స్త్రీని గూర్చి చట్టమేమి చెప్పుచున్నదో అందు పరిశీలించెను. పెండ్లితో భార్య యాస్తి భర్తకు చెందుటను, ఒకే పాఠము చెప్పు ఉపాధ్యాయునకును ఉపాధ్యాయినికిని వేఱువేఱు జీతము లుండుటను ఎత్తిచూపెను. ఇంటింటికి పోయి బట్టలుతుకు స్త్రీ, కట్టెలు కోయు మగవానితో సమానముగా కష్టపడియు, దినమునకు సాధారణముగా వాని కూలిలో సగమునకు మించి సంపాదింపలేకున్నదని వ్రాసెను. వ్రాసి రెండువందల యేండ్లు కావచ్చుచున్నను ఈ మాటకు మన పొలములలో కాలదోషము పట్టలేదు.

ఈ సమయమున మిత్రులే వారిని వారింపజూచిరి. ముందు బానిసల సంగతి చూడుడు, స్త్రీల హక్కులు పిదప చూతము, రెండును కలిపినచో మొదటిదానికి చేటు వచ్చునని థియొడోర్ వెల్డ్, కవి విట్టియర్ జాబులు వ్రాసిరి. వీరు శత్రువులు కారు. ప్రాణమునకు తెగించి బానిస విమోచనమునకై పాటుపడినవారు. వారి మాటలో లోకజ్ఞానము లేకపోలేదు. అక్కచెల్లెండ్ర సమాధానము మాత్రము సూటియైనది. బానిస తరపున మాటలాడుటకు మాకు నోరే లేకున్న నిక నేమి చేయగలము? స్త్రీ సభలో నిలుచు హక్కును నేడు వదలుకొనినచో, రేపు వినతిపత్రముపై చేవ్రాలు చేయు హక్కును, ఎల్లుండి పుస్తకము వ్రాయు హక్కును వదలుకొనవలసి వచ్చును. మన కుటుంబములలోను “ఇప్పుడు కాదు” అను మాటతో స్త్రీల యెన్నో పనులు ఆగిపోయినవి.

1838వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన ఏంజలీనా బోస్టన్‌లో మసాచుసెట్స్ శాసనసభా సంఘమునెదుట నిలిచి మాటలాడెను. అమెరికాలో శాసనసభ్యుల ముందు ప్రసంగించిన స్త్రీలలో నామెయే మొదటిది. 20,000 మంది స్త్రీలు చేవ్రాలు చేసిన వినతులను ఆమె సమర్పించెను. మెట్లపైనను, ద్వారములవద్దను జనము క్రిక్కిఱిసియుండిరి; కొందఱు ఈలలు వేసిరి. ఈ ఘట్టమును చదివినపుడెల్ల నాకు సభాపర్వము స్మరణకు వచ్చును. తన్ను తాను ముందుగా నోడిన రాజునకు భార్యను పణముగా నొడ్డు నధికార మెక్కడిదని ద్రౌపది యడిగినప్పుడు భీష్మునంతటివాడు తెల్లని సమాధానము చెప్పలేకపోయెను. ద్రౌపది తనకై యడిగినది. ఏంజలీనా తన కుటుంబమే దాసులుగా చేసికొనినవారికై యడిగినది. అంతే భేదము.

ఆ సంవత్సరము మే 14వ తేదీన ఆమె పైన చెప్పిన థియొడోర్ వెల్డ్‌ను ఫిలడెల్ఫియాలో వివాహమాడెను. ఆ పెండ్లి ముచ్చట చెప్పకుండ విడువలేను. వధువు ప్రమాణమున “విధేయురాలనై యుందును” అను మాట లేదు. భార్యపైనను, ఆమె ధనముపైనను చట్టము తనకిచ్చిన యధికారమును వరుడు అందఱ యెదుట త్యజించెను. పెండ్లి పిండివంటకు వాడిన చక్కెర బానిసల చేతిపని కానిది. దానిని చేసినవాడు నల్లజాతి వంటవాడు. గ్రిమ్కీవారి యింట నొకప్పుడు బానిసలుగా నుండి విడుదల పొందిన తల్లియు కూతురును అతిథులుగా వచ్చి అందఱతో కూర్చుండిరి. సంఘమునకు వెలుపలివానిని పెండ్లాడినందులకు ఏంజలీనాను, ఆ పెండ్లికి వచ్చినందులకు సారాను క్వేకరులు వెలివేసిరి.

పెండ్లియైన రెండవనాడు, మే 16వ తేదీ రాత్రి, ఆ నగరముననే నూతనముగా కట్టిన పెన్సిల్వేనియా హాలులో బానిసత్వ విరోధులగు స్త్రీల సభ జరిగెను. దాదాపు 40,000 డాలర్ల చందాలతో కట్టిన భవనమది. ద్వారములు తెఱచి మూడు దినములైనను నిండలేదు. లోపల నల్లవారును తెల్లవారును కలిసి కూర్చుండిరి. బయట వేలాది మూక కేకలు వేయుచు కిటికీలపై ఱాళ్లు రువ్వుచుండెను. అద్దములు పగిలి పడుచుండగా క్రొత్త పెండ్లికూతురు గంటకు పైగా నిలిచి మాటలాడెను. సభ చెదరలేదు. మఱునాటి రాత్రి ఆ మూక భవనమునకు నిప్పుపెట్టెను. మంటలార్పు దళములు చుట్టుప్రక్కల యిండ్లను కాపాడి, ఆ భవనమును మాత్రము కాలిపోనిచ్చెను.

పిదప దంపతులును సారాయు న్యూజెర్సీలో నొక చిన్న యింట కాపురముండిరి. అక్కచెల్లెండ్రు దక్షిణదేశపు పత్రికలను వేలకొలది ముందు వేసికొని, నెలల తరబడి కత్తిరించి కూర్చిరి. పాఱిపోయిన బానిసను పట్టియిచ్చువారికి బహుమానమను ప్రకటనలలో, గుర్తుకై యజమానులే వ్రాసిన కొరడా మచ్చలు, కాల్చిన ముద్రలు, కోసిన చెవులు ఉండెను. యజమానుల మాటలతోనే యజమానులకు శిక్ష వ్రాసినట్లయ్యెను. 1839లో “అమెరికా బానిసత్వము ఉన్నదున్నట్లు” అను పేర ఆ గ్రంథము వెల్డ్ సంపాదకత్వమున వెలువడి, మొదటి యేడే లక్ష ప్రతుల వఱకు చెల్లెను. హారియెట్ బీచర్ స్టో తన “అంకుల్ టామ్స్ కాబిన్” నవలకు దీనినుండి విషయములను గ్రహించెను. ఆమె మనము పైన చెప్పిన కాథరిన్ బీచరునకు చెల్లెలు.

ఇక్కడ చరిత్రకారులు త్వరగా పుటలు త్రిప్పుదురు, మనము త్రిప్పరాదు. 1839, 1841, 1844 సంవత్సరములలో ఏంజలీనాకు మువ్వురు బిడ్డలు కలిగిరి. ప్రసవములవలన నామె శరీరము శాశ్వతముగా దెబ్బతినెను. సభలలో మాటలాడిన యాడుది ఇల్లు దిద్దుకొనలేదని లోకము నవ్వకుండుటకై వారు వంటయు, ఇంటిపనియు స్వయముగా చేసికొనిరి. ధనము స్వల్పము. పిల్లలను సాకినది మరల సారాయే. చెల్లెలిని పెంచిన చేతులతోనే చెల్లెలి బిడ్డలను పెంచెను. తరువాత ఆ మువ్వురును బడులు నడిపి, బాలురకును బాలికలకును కలిపి చదువు చెప్పి జీవించిరి. దేశము నుఱ్ఱూతలూపిన గొంతు ఇంతకాల మేల మూగవోయెనని కొందఱు ప్రశ్నింతురు. బిడ్డల జ్వరములను, పెనము పొగను ఎఱిగిన మనము ఆ ప్రశ్న వేయము. స్త్రీ ధైర్యమునకు లోటు లేకున్నను, ఆమె దినమునకు గంటలు చాలవు. ఏంజలీనా 1863లో అంతర్యుద్ధ సమయమున న్యూయార్కు స్త్రీల మహాసభలో మరల గొంతెత్తెను. 1865లో రాజ్యాంగపు 13వ సవరణ బానిసత్వమును రద్దు చేసెను.

ఇంతటితో కథ ముగిసినచో నిది మంచి కథయే. కాని యసలు పరీక్ష పిదప వచ్చినది.

1868లో నొకనాడు ఏంజలీనా పత్రిక చదువుచుండగా, పెన్సిల్వేనియాలోని లింకన్ విశ్వవిద్యాలయమున నొక నల్లజాతి విద్యార్థి చక్కగా ప్రసంగించెనని కనబడెను. అతని యింటిపేరు గ్రిమ్కీ. ఆ పేరు అరుదైనది. నీవెవరవు నాయనా యని యామె జాబు వ్రాసెను. ప్రత్యుత్తరము వచ్చెను. అతని పేరు ఆర్చిబాల్డ్. ఫ్రాన్సిస్, జాన్ అతని తమ్ములు. తల్లి నాన్సీ వెస్టన్ బానిస స్త్రీ. తండ్రి హెన్రీ గ్రిమ్కీ. ఒకప్పుడు సేవకుని కొట్టినందులకు ఏంజలీనా మందలించిన యన్నగారే! హెన్రీ 1852లో మరణించుచు, వీరిని కుటుంబమువారివలె చూడుమని చెప్పి తన తెల్ల కుమారునకు అప్పగించెను. కొన్ని యేండ్లకు ఆ కుమారుడు తన తమ్ములనే సేవకులుగా చేసికొనెను. పాఱిపోయి పట్టుబడిన ఫ్రాన్సిస్‌ను అమ్మివేసెను. ఆర్చిబాల్డ్ యుద్ధము ముగియువఱకు దాగియుండెను.

ఏంజలీనాకు అప్పుడు 63 ఏండ్లు, సారాకు 75. ఇంతకాలము వారు చెప్పినది తండ్రి యింటి పాపము, దేశపు పాపము. ఇది తోడబుట్టినవాని పాపము. చనిపోయిన యన్న పేరునకు మచ్చ. జాబును పొయ్యిలో వేసి యూరకున్నచో నడుగువారు లేరు. ఉత్తరదేశమున బానిసత్వమును నిందించినవారిలోను, నల్లవారితో రక్తసంబంధము నొప్పుకొనువారు అరుదు. మేనత్తలిరువురును ఒప్పుకొనిరి. మీరు మా మేనల్లుళ్లని వ్రాసిరి. ఆ యుత్తరమున పెద్దల యుపదేశధోరణి కొంత యుండకపోలేదు. అందులకు నేటి చరిత్రకారులు కొందఱు వారిని తప్పుపట్టుచున్నారు. అయినను ఏంజలీనా కుమారుని వెంటబెట్టుకొని ఆ విద్యాలయమునకే పోయి, అందఱ యెదుట వారిని తన యన్న కుమారులని చెప్పెను. తమ స్వల్పాదాయములోనే చదువునకు సాయము చేసిరి.

కురువంశమున దాసికి పుట్టిన విదురుడు అన్నలతో కలిసి పెరిగెను. కాని రాజ్యమున కర్హుడు కాలేదు. ఈ బాలురు తమ భాగమును తామే సంపాదించిరి. ఆర్చిబాల్డ్ హార్వర్డులో న్యాయశాస్త్రము చదివి న్యాయవాదియై, శాంటో డొమింగోలో అమెరికా రాయబారవర్గపు కాన్సలుగా పనిచేసెను. ఫ్రాన్సిస్ ప్రిన్స్‌టన్‌లో చదివి వాషింగ్టన్ నగరమున పేరుపొందిన మతగురువయ్యెను. కొడుకులను వారి బాల్యముననే పస్తులుండి పెంచిన నాన్సీ వెస్టన్ కష్టమునకు ఈ కీర్తిలో మొదటి పాలు చెందవలెను. 1880లో ఆర్చిబాల్డ్‌కు కూతురు పుట్టగా ఆమెకు ఏంజలీనా యనియే పేరిడిరి. ఆ ఏంజలీనా వెల్డ్ గ్రిమ్కీ కవయిత్రియు, నాటకకర్త్రియునై 1958 వఱకు జీవించెను.

1870వ సంవత్సరము మార్చి 7వ తేదీన, వీరు నివసించుచుండిన హైడ్ పార్కు అను ఊరిలో ఎన్నికలు జరిగెను. స్త్రీలకు ఓటు లేదు. అయినను మంచు కురియుచుండగా 40 మందికి పైగా స్త్రీలు వరుసగా పోయి వేఱుగా నుంచిన పెట్టెలో తమ ఓట్లు వేసిరి. వారిలో 77 ఏండ్ల సారాయు, 65 ఏండ్ల ఏంజలీనాయు నుండిరి. ఆ ఓట్లను ఎవరును లెక్కపెట్టలేదు. లెక్కకు రావని తెలిసియే వారు వేసిరి. అమెరికాలో స్త్రీల ఓటుహక్కు 1920లో రాజ్యాంగమున చేరెను. దక్షిణదేశపు నల్లజాతి స్త్రీలకు అది నిజముగా చేతికందుటకు 1965వ సంవత్సరపు చట్టము కావలసి వచ్చెను.

సారా 1873 డిసెంబరు 23వ తేదీన పరమపదించెను. ఆ యేడే పూనాలో జ్యోతిరావు ఫులే తన “గులాంగిరీ” గ్రంథమును, నల్లవారి బానిసత్వమును తొలగింప పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చెను. ఏంజలీనా పక్షవాతముతో కొన్నియేండ్లు బాధపడి 1879 అక్టోబరు 26వ తేదీన అక్కను చేరెను.

సోదరీమణులారా! ఇంటి గుట్టులు రెండు విధములు. మనిషి మానమును కాపాడు గుట్టు ఒకటి. మనిషికి జరుగు అన్యాయమును కప్పు గుట్టు మఱొకటి. మొదటిదానిని ప్రాణమిచ్చియైన కాపాడవలెను. రెండవదానిని మర్యాద యని పిలువరాదు. పాత్రలు తోము స్త్రీకై గూటిలో వేఱుగా పెట్టిన గ్లాసు మన యిండ్లలో నున్నదా? ఆమె కూతురు బడికి పోవు వేళ మన వాకిలి యూడ్చుచున్నదా? ఈ ప్రశ్నలను ఎదురింటివారిని అడుగుట తేలిక. గ్రిమ్కీ సోదరీమణులు తమ వంటింటినుండి మొదలుపెట్టిరి. మనమును ఆ గ్లాసును తక్కిన గ్లాసుల సరసన పెట్టుటతో మొదలుపెట్టుదము.